బల్ల మీద రైలు, వెనక అసలైన పొలం

ఫొటోలో ఇంజిన్ బాగుంది. పక్కల మీద తుప్పు మరకలు, కిటికీల కింద వాన నీళ్ళు కారిన చారలు, కప్పు మీద మసి. పది రోజులు కూర్చుని వేసిన రంగులవి. వెనక కనిపించే అనంతగిరి కొండల ఫొటో కూడా నేను తీసిందే, ప్రింటు బాగా వచ్చింది. అయినా చూసిన మొదటి క్షణంలోనే అది బొమ్మ రైలని తెలిసిపోతోంది.

ఇలాంటప్పుడు చాలామంది ఇంజిన్‌నే అనుమానిస్తారు. ఇంకాస్త తుప్పు పూస్తారు, ఇంకో నాలుగు పైపులు అతికిస్తారు. నేనూ కొన్నాళ్ళు అదే పని చేశాను. నెమ్మదిగా అర్థమైందేమిటంటే, లోపం బొమ్మలో కాదు, కొండలోనూ కాదు. ఆ రెండింటినీ ఒకే మనిషి, ఒకే చోట నిలబడి, ఒకే ఎండలో చూసినట్టు లేకపోవడమే లోపం. ముందున్న బొమ్మ ఒక కథ చెబుతుంది, వెనకున్న కొండ ఇంకో కథ చెబుతుంది. వాటి మాట కలపడం ఎలాగో తెలిస్తే సాదాసీదా మోడల్‌తో కూడా నమ్మదగ్గ ఫొటో వస్తుంది.

ముందు కొలత సంగతి. మోడల్ రైళ్ళలో ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87. అసలు రైల్లో 87 మిల్లీమీటర్లు ఉన్నది మోడల్‌లో 1 మిల్లీమీటరు అవుతుంది. 23.5 మీటర్ల ఎల్‌హెచ్‌బీ రకం ప్రయాణికుల పెట్టె 27 సెంటీమీటర్లకి వస్తుంది. ఈ లెక్కని మనం ఇంజిన్‌కి వేస్తాం, స్టేషన్‌కి వేస్తాం, చెట్లకీ మనుషుల బొమ్మలకీ వేస్తాం. కెమెరాకి వేయడం మర్చిపోతాం.

నా ఫొటో నిలబడి, కొంచెం వంగి తీసింది. కెమెరా బల్లకి ఒక అడుగు ఎత్తున ఉండి ఉంటుంది. ఆ అడుగుని 87తో గుణించండి, 26 మీటర్లు దాటుతుంది. ఎనిమిదో అంతస్తు బాల్కనీలోంచి చూసినట్టన్నమాట. మనం రైలుని చూసేది అక్కణ్ణుంచి కాదు. ప్లాట్‌ఫారం మీద నిలబడో, లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర బండి ఆపుకునో చూస్తాం. నిలబడ్డ మనిషి కన్ను నేలకి సుమారు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 87తో భాగిస్తే 18 మిల్లీమీటర్లు, బొటనవేలి వెడల్పంత. లెన్సు ఉండాల్సింది అక్కడ. ప్లాట్‌ఫారం మీంచి చూసినట్టు కావాలంటే ఇంకొంచెం పైకి వెళ్ళొచ్చు. మన స్టేషన్లలోని ఎత్తైన ప్లాట్‌ఫారాలు పట్టా పైభాగానికి 76 నుంచి 84 సెంటీమీటర్ల ఎత్తుంటాయి కాబట్టి, పట్టా మీదనుంచి 28 మిల్లీమీటర్లు సరిపోతుంది.

పెద్ద కెమెరాతో ఇది కష్టం. కెమెరా బాడీ కిందిభాగం నుంచి లెన్సు మధ్యకే నాలుగైదు సెంటీమీటర్లు ఉంటుంది. ఫొటో తీసేచోట బల్ల అంచు దాటి కెమెరాని కిందికి దించగలిగితేనే కుదురుతుంది. ఫోనుతో ఈ ఇబ్బంది లేదు. ఫోన్ని తలకిందులు చేసి బల్ల మీద నిలబెడితే, పై మూలలో ఉండే లెన్సు నేలకి సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఎత్తుకి వచ్చేస్తుంది. కింద ఒక చిన్న చెక్కముక్క పెడితే 18 మిల్లీమీటర్లు కచ్చితంగా దొరుకుతాయి. నా ఫొటోల్లో అన్నిటికంటే పెద్ద మార్పు తెచ్చింది ఈ ఒక్క పనే. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు వెనకున్న దృశ్యం. విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడి సముద్రం వైపు చూస్తే, నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత సరిగ్గా మన కంటి ఎత్తులో ఉన్నట్టు కనిపిస్తుంది. కైలాసగిరి ఎక్కి చూడండి, ఆ గీత మనతోపాటే పైకి వచ్చేసినట్టుంటుంది. క్షితిజ రేఖ ఎప్పుడూ చూసేవాడి కంటి ఎత్తులోనే ఉంటుంది. అందుకే చదునైన నేల మీద నిలబడి జనాన్ని ఫొటో తీస్తే, దగ్గరవాళ్ళైనా దూరపువాళ్ళైనా మనంత ఎత్తున్న ప్రతివాళ్ళ కళ్ళూ ఆ గీత మీదే పడతాయి. బొమ్మ రైలు ఫొటోలోనూ అంతే జరగాలి. ట్రాక్ పక్కన నిలబెట్టిన గ్యాంగ్‌మన్ బొమ్మ కళ్ళ దగ్గర వెనక క్షితిజ రేఖ పోవాలి. బొమ్మ తల మీదుగా ఎక్కడో పోతుంటే ఆ ఫొటో ఏదో మిద్దె మీంచి తీసినట్టుంటుంది. మోకాళ్ళ దగ్గర పోతుంటే బొమ్మ రాక్షసుడిలా కనిపిస్తుంది. చూసేవాళ్ళకి కారణం చెప్పడం రాకపోవచ్చు గానీ, తేడా మాత్రం వెంటనే పట్టేస్తారు.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. దీన్ని ఒక మెట్టు ముందుకి తీసుకెళ్ళిన లెక్క ఒకటి ఉంది. నాకు ఈ విషయం మొత్తంలో ఎక్కువ ఇష్టమైనది అదే.

మోడల్‌ని ఇంట్లో ఉంచి వెనక ప్రింటు పెట్టే బదులు, ఒక పలక మీద నాలుగడుగుల ట్రాక్ వేసి, ఆ పలకనే ఆరుబయటికి తీసుకెళ్ళామనుకోండి. శృంగవరపుకోట దగ్గర పొలాల్లో నిలబడితే అనంతగిరి కొండలు ఎదురుగా కనిపిస్తాయి. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే లైను ఆ ఊరి మీదుగానే పోయి, బొడ్డవర దాటాక ఘాట్ ఎక్కుతుంది. 1960లలో ఇనుప ఖనిజం కోసం వేసిన లైనది. అక్కడ పొలం గట్టు మీద బల్ల వేసి, దాని మీద పలక పెట్టి, లెన్సుని పలక నేలకి 18 మిల్లీమీటర్ల ఎత్తున ఉంచాం. పలక వెనక అంచు లెన్సుకి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ఆ అంచు మీదుగా చూపు సాగితే అసలు పొలం ఎక్కడ మొదలవుతుంది?

అది లెన్సు అసలు నేలకి ఎంత ఎత్తులో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. లెన్సు పొలానికి సరిగ్గా 1.6 మీటర్ల ఎత్తున ఉంటే, అంచు మీదుగా జారే చూపు 52 మీటర్ల దూరంలో పొలాన్ని తాకుతుంది. పలక మీద 60 సెంటీమీటర్లని 87తో గుణించి చూడండి, అదీ 52 మీటర్లే. అంటే బొమ్మ నేల ఎక్కడ ఆగిందో, అసలు నేల సరిగ్గా అక్కడే, అదే కొలతతో అందుకుంటుంది. మధ్యలో ఉన్న అసలు పొలమంతా పలక చాటుకి వెళ్ళిపోతుంది. 18 మిల్లీమీటర్ల త్రిభుజం చిన్నది, 1.6 మీటర్ల త్రిభుజం పెద్దది, ఆకారం ఒక్కటే. హైస్కూల్లో చదువుకున్న సరూప త్రిభుజాలే ఇవి. లెన్సుకి ఇక చిన్న నేల, పెద్ద నేల అన్న తేడా తెలియదు. ఒకే నేల కనిపిస్తుంది.

మామూలు బల్ల 75 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. గట్టు మోకాలెత్తు. కాళ్ళ కింద రెండేసి పళ్ళ ట్రేలు బోర్లించి పెడితే 1.6 మీటర్ల దరిదాపుల్లోకి వస్తుంది. ఆ పొలం రైతుని అడిగాం, “బాబాయ్, ఓ గంట ఈ గట్టు మీద బల్ల వేసుకుంటాం” అని. “ఏటి బాబూ, ఈ రైలు నిజంగా నడుస్తాదా?” అంటూ ఆయన కూడా చివరిదాకా అక్కడే కూర్చున్నాడు.

ఎత్తు కొంచెం అటూ ఇటూ అయితే ఏమవుతుందన్నది కూడా చూడాలి. లెన్సు అసలు నేలకి 80 సెంటీమీటర్లే ఎత్తున ఉందనుకోండి, 26 మీటర్ల దూరంలో ఉన్న పొలం 52 మీటర్ల చోట కూర్చుంటుంది. గడ్డి, పొదలు, మనుషులు అన్నీ ఉండాల్సినదానికి రెట్టింపు కనిపిస్తాయి. దాన్ని దాచే మార్గం లేదు. ఎత్తు ఎక్కువైతే అంత నష్టం లేదు. వెనక నేల పల్లంలో ఉన్నట్టూ, వస్తువులు ఇంకా దూరంగా ఉన్నట్టూ అనిపిస్తుంది, అంతే. రైలు కట్ట చుట్టుపక్కల పొలాల కంటే రెండు మూడు మీటర్లు ఎత్తున ఉండటం మామూలే కాబట్టి, అది తప్పుగా తోచదు. మేడ మీంచి తీస్తే నేల పది మీటర్ల కింద ఉంటుంది, ట్రాక్ ఏదో లోయ అంచున పోతున్నట్టుంటుంది. వరిపొలం మధ్య దృశ్యానికి అది పనికిరాదు. అరకు ఘాట్‌లాంటి దృశ్యానికి మాత్రం అంతకంటే మంచి చోటు దొరకదు.

వెనక ఉన్న చెట్ల విషయంలోనూ ఇదే సూత్రం. బల్లకి 15 మీటర్లలోనే పది మీటర్ల తాటిచెట్టు ఉందనుకోండి. దాని మొదలు పలక చాటున పోయి, పై భాగం మాత్రం కనిపిస్తుంది. పలక అంచు దగ్గర ముప్పై మీటర్ల చెట్టు మొలిచినట్టుంటుంది. అందుకే బల్ల వెనక కనీసం యాభై మీటర్లు ఖాళీ ఉండే చోటు వెతుక్కోవాలి.

ఈ పద్ధతికి పేరు తెచ్చినవాళ్ళలో అమెరికాకి చెందిన మైకేల్ పాల్ స్మిత్ ఒకరు. ఆయనవి రైళ్ళు కాదు, 1:24 స్కేలు కార్లు. వాటిని, తాను కట్టిన బొమ్మ ఇళ్ళని ఒక బల్ల మీద పేర్చి, మసాచుసెట్స్‌లోని అసలు వీధుల్లో అసలు చెట్ల ముందు పెట్టి ఫొటోలు తీశారు. ఎల్గిన్ పార్క్ అని తాను ఊహించుకున్న పాతకాలం ఊరికి అలా ప్రాణం పోశారు. ఖరీదైన కెమెరా కూడా కాదు, మామూలు చిన్న డిజిటల్ కెమెరా. బల్లని ఎక్కడ పెట్టాలి, కెమెరాని ఎంత ఎత్తున పెట్టాలి అన్నదే ఆయన విద్యంతా.

రైళ్ళలో ఆయనకంటే ముందు తరం పేరు జాన్ ఆలెన్. కాలిఫోర్నియాలోని మాంటెరేలో తన ఇంటి కింది అంతస్తులో పెద్ద లేఅవుట్, అంటే బొమ్మ రైళ్ళు నడిచే పట్టాలూ కొండలూ ఉన్న అమరిక, కట్టారు. వృత్తిరీత్యా ఫొటోగ్రాఫర్ కావడంతో కెమెరా ఏం చూస్తుందో ఆలోచించి కొండలు నిలబెట్టారు, గది ఎక్కువ లోతుగా కనిపించేలా అక్కడక్కడా అద్దాలు దాచారు. 1973లో ఆయన చనిపోయిన కొద్ది రోజులకే ఆ లేఅవుట్ అగ్నిప్రమాదంలో పోయింది. ఈవేళ మనకి మిగిలింది ఫొటోలే. ఈ పనికి ఫొటో ఎంత ముఖ్యమో నాకు ఆయన కథ చదివినప్పుడు తెలిసింది.

ఇక ఎండ. ఇంట్లో టేబుల్ లైటు కింద తీసిన ఫొటోలో నీడలు విసనకర్రలా విచ్చుకుంటాయి. ఈ చివర స్తంభం నీడ ఎడమకి, ఆ చివర స్తంభం నీడ కుడికి. బల్లకి అర మీటరు ఎత్తున లైటు పెట్టామంటే, స్కేలు లెక్కలో 43 మీటర్ల ఎత్తున సూర్యుణ్ణి వేలాడదీసినట్టే. పైగా లైటుకి అర మీటరు దూరంలో ఉన్న పెట్టె మీద పడే వెలుగులో నాలుగో వంతే మీటరు దూరంలో ఉన్న పెట్టెకి అందుతుంది. అసలు సూర్యుడి కింద మొదటి పెట్టెకీ చివరి పెట్టెకీ తేడా ఉండదు.

నీడ అంచుల్లో ఇంకో విశేషం ఉంది. కరెంటు స్తంభం నీడ మొదట్లో పదునుగా, పోనుపోను మసకగా ఉండటం గమనించే ఉంటారు. సూర్యబింబం మనకి దాదాపు అర డిగ్రీ వెడల్పున కనిపించడం వల్ల అలా జరుగుతుంది. కోణం కాబట్టి, వస్తువు 87 వంతుల్లో ఒక వంతుకి తగ్గితే ఆ మసక కూడా అంతే తగ్గుతుంది. ఆరుబయట బొమ్మ రైలు నీడ తనంతట తానే స్కేలుకి సరిపోతుంది! కొండ మీద ఏ వైపునుంచి ఎండ పడుతోందో రైలు మీదా అటునుంచే పడుతుంది. కింద మట్టి ఎరుపు ఇంజిన్ అడుగుభాగం మీద కొంచెం పులుముకుంటుంది, కిటికీ అద్దాల్లో అసలు ఆకాశం మెరుస్తుంది. ఇవన్నీ కంప్యూటర్లో తెప్పించాలంటే రోజులు పడుతుంది. బయటికి వెళితే ఊరికే దొరుకుతాయి. అందుకే ఎండలో అసలు దృశ్యం ముందు తీయగలిగినప్పుడు ప్రింటు జోలికీ ఎడిటింగ్ జోలికీ పోవద్దంటాను. ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య, సాయంత్రం నాలుగు దాటాక బాగుంటుంది. నడినెత్తి ఎండలో ఇంజిన్ పక్కలు నల్లబడిపోతాయి.

మూడోది ఫోకస్. అసలు రైలుని యాభై మీటర్ల దూరం నుంచి తీస్తే రైలూ కొండా రెండూ స్పష్టంగా ఉంటాయి. బొమ్మ రైలు కెమెరాకి అంగుళాల దూరంలో ఉంటుంది కాబట్టి దాని మీద ఫోకస్ పెడితే కొండ కరిగిపోతుంది. ఆ మసకని చూడగానే మెదడు ‘ఇది చిన్న వస్తువు’ అనేస్తుంది. ఎంతగా అంటే, అసలు ఊరిని ఎత్తునుంచి ఫొటో తీసి పైనా కిందా మసక చేస్తే ఆ ఊరే బొమ్మల కొలువులా కనిపిస్తుంది. ఫోనులో వెనకభాగాన్ని మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ వాడకూడదనేది అందుకే.

పెద్ద కెమెరా ఉన్నవాళ్ళు అపెర్చర్, అంటే లెన్సులో కాంతి వచ్చే రంధ్రం, బాగా మూయాలి. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరాకి 24 ఎంఎం లెన్సు పెట్టి, అపెర్చర్ ఎఫ్16కి తెచ్చి, 1.2 మీటర్ల దూరానికి ఫోకస్ పెడితే 60 సెంటీమీటర్ల నుంచి కొండదాకా స్పష్టంగా వస్తుంది. ఎఫ్22 దాటి మూస్తే ఫొటో మొత్తం మెత్తబడుతుంది, కాంతి సన్నటి రంధ్రంలో వంగడం వల్ల. ఇంజిన్ ఇరవై సెంటీమీటర్లలోనే ఉంటే ఫోకస్ స్టాకింగ్ చేయక తప్పదు. కెమెరా కదలకుండా ఫోకస్ మాత్రం కొంచెం కొంచెం జరుపుతూ ఎనిమిదో పదో ఫొటోలు తీసి, వాటిలో స్పష్టంగా ఉన్న భాగాల్ని సాఫ్ట్‌వేర్‌తో కలపడం. ఆరుబయట దీనికి గాలితో చిక్కు. ఒక ఫొటోలో ఉన్న ఆకు ఇంకో ఫొటోలో పక్కకి జరిగి, కలిపాక రెండు ఆకుల దయ్యంలా తేలుతుంది. నేనైతే రైలుకి మాత్రమే పది ఫొటోలు కలిపి, పొలాన్నీ కొండనీ ఒకే ఫొటోలోంచి తీసుకుంటాను. ఫోనులో వైడ్ కెమెరా సెన్సార్ చిన్నది కాబట్టి దగ్గరదీ దూరానిదీ రెండూ చాలావరకు స్పష్టంగా వస్తాయి. మొదలుపెట్టేవాళ్ళకి అదే చాలు.

బయటికి వెళ్ళే వీల్లేకపోతే? కొండ ఫొటో విడిగా తీసి కంప్యూటర్లో కలపొచ్చు. రెండు ఫొటోలూ ఒకే ఫోనుతో, ఒకే కెమెరాతో, జూమ్ లేకుండా తీయండి, కోణం దానంతట అదే కలుస్తుంది. పొలంలో మీ కంటి ఎత్తున, ఇంట్లో 18 మిల్లీమీటర్ల ఎత్తున, రెండుసార్లూ ఫోన్ని పైకీ కిందికీ వంచకుండా నిటారుగా పట్టుకోండి. ఎండ ఏ వైపునుంచి ఉందో రాసిపెట్టుకుని ఇంట్లో లైటు అటే, వీలైనంత దూరంగా పెట్టండి. ఎక్కువమంది తప్పు చేసేది నలుపు దగ్గర. దూరపు కొండలో అన్నిటికంటే చీకటి చోటు కూడా నిజంగా నల్లగా ఉండదు. మధ్యలో ఉన్న గాలి నీలిరంగు వెలుగుని చెదరగొట్టి దాని మీద పరుస్తుంది. ఇంజిన్ చక్రాల మధ్య చీకటే ఫొటో మొత్తంలో నల్లగా ఉండాలి. కొండ అంతకంటే నల్లగా ఉంటే అది కొండ కాదు, గోడకి అంటించిన కాగితం.

ఫ్లెక్స్ ప్రింటు వెనక కట్టేవాళ్ళు ఉన్నారు. మన ఊళ్ళలో చవగ్గా దొరుకుతుంది కూడా. మామూలు ఫ్లెక్స్ మెరుస్తుంది, మెరుపు లేని మాట్ రకం అడగాలి. ట్రాక్‌కీ దానికీ మధ్య కనీసం ఒక అడుగు ఖాళీ ఉంచండి, లేకపోతే రైలు నీడ ఆకాశం మీద పడుతుంది.

పలక మీద నేల గురించి ఒక మాట. మన రైల్వే కంకర 20 నుంచి 65 మిల్లీమీటర్ల సైజులో ఉంటుంది. స్కేలులో అది పావు నుంచి ముప్పావు మిల్లీమీటరు. అంటే ఇసుకే, టీ జల్లెడలో పట్టిన ఇసుక. పలక వెనక అంచున కొబ్బరి పీచు కత్తిరించి గడ్డిలా అంటిస్తే అతుకు కనిపించదు. మిగతా నేలకి రంగు డబ్బాలు వెతక్కండి. ఏ పొలం ముందు ఫొటో తీస్తారో ఆ పొలం మట్టే ఎండబెట్టి, జల్లించి, జిగురుతో పరచండి. అదే మట్టి, అదే ఎండ, ఇక రంగు కలవకపోవడం ఉండదు. పట్టాలు పలక అంచుదాకా నేరుగా వెళ్ళి ఆగిపోకుండా, ఫొటోకి అడ్డంగానో ఏటవాలుగానో పోయేలా వేయాలి. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. స్కేలులో 19 దాటాలి, దుకాణంలో దొరికే ట్రాక్ 16.5 మిల్లీమీటర్లే. ఎదురుగా తీస్తే ఆ ఇరుకు కనిపిస్తుంది, పక్కనుంచి వాలుగా తీస్తే కనిపించదు.

కాలం కూడా కలవాలి. ఎనభైల నాటి డీజిల్ ఇంజిన్ వెనక సెల్ టవర్ ఉండకూడదు. బల్ల వేసేముందు ఎదుటి దృశ్యాన్ని ఎడమనుంచి కుడికి ఒక్కో వేలెడు చొప్పున చూసుకోవడం మంచిది.

శృంగవరపుకోటలో ఆ రోజు అన్నీ కుదిరాయి. ఎనిమిది గంటల ఎండ ఇంజిన్ ముక్కు మీద పడింది, కొండ లేత నీలంగా వెనక్కి జరిగింది, గ్యాంగ్‌మన్ కళ్ళ దగ్గరే పొలం గీత. ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూస్తే పట్టా మీద ఒక చీమ నడుస్తోంది. ఆరు మిల్లీమీటర్ల చీమ, స్కేలులో అర మీటరు. ఎడిటింగ్‌లో తుడిచేయొచ్చు, కానీ దాని కాళ్ళ నీడలు కంకర మీదంతా పాకి ఉన్నాయి. తర్వాతి ఆదివారం మళ్ళీ బల్ల, పలక, నాలుగు జతల పళ్ళ ట్రేలు, ఈసారి ఒక మెత్తటి బ్రష్ కూడా ఆటోలో వేసుకుని బయల్దేరాం.